ఏడేళ్లుగా థియోర్బోపై లుల్లీ ఒపేరా సంగీతం

యూరప్ మీటు తీగల వాద్యమైన లూట్ కుటుంబంలో అందరికన్నా పొడగరి థియోర్బో. 14 తీగలది ఒకటి ఏడేళ్లుగా వాయిస్తున్నాను. కొన్నదే పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ స్వరకర్త లుల్లీ ఒపేరా సంగీతం కోసం. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఆస్థాన విద్వాంసుడు రొబేర్ ద విసే ఆ రచనల్లో కొన్నింటిని ఈ వాద్యానికి అమర్చాడు. వొద్రీ ద సెజెనే అనే వాద్యాభిమాని 1699లో రాసుకోవడం మొదలుపెట్టిన రాతప్రతిలో అవి ఉన్నాయి. ఆ ప్రతి నేటికీ ఫ్రాన్స్‌లోని బెజాన్సోన్ గ్రంథాలయంలో ఉంది.

చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను కాబట్టి సులువుగా పట్టుబడుతుందనుకున్నాను. పడలేదు. మెట్ల మీద ఆరు తీగలు, అవతల మెట్లు లేని ఎనిమిది పొడవాటి మంద్ర తీగలు. ఇంతవరకు వీణ తాళపు తీగలు గుర్తొస్తాయి. కానీ మొదటి రెండు తీగలను ఒక స్థాయి దించి శ్రుతి చేస్తారు, అందుకని అన్నిటికన్నా హెచ్చు స్వరం మూడో తీగది. స్వరాలు వరుసగా ఎక్కాలంటే వేళ్లు తీగ నుంచి తీగకు గెంతాలి. ఒకటి ఆగకముందే పక్క తీగపై మరొకటి మోగుతుంది. నాకు ప్రాణం ఆ కలగలుపే.

దాని విలువ తెలిసింది ‘ఆర్మీద్’ ఒపేరాలోని ‘సూర్దీన్’ అనే భాగం వాయించాక. 1686 నాటి ఆ ఒపేరాలో, రెండో అంకంలో, వీరుడు రెనో ఏటి ఒడ్డున మంత్రనిద్రలోకి జారుకుంటాడు. అక్కడ వయొలిన్లకు సూర్దీన్లు అనే చిన్న బిళ్లలు తగిలించి నాదాన్ని అణచి వాయిస్తారు. అసలే మెత్తని సంగీతం, థియోర్బో మీదికి వచ్చాక పోగొట్టుకునేది తక్కువ. విసే పై రాగాన్ని, కింది మంద్రాన్ని ఉంచి నడిమి స్వర వరసలను చాలావరకు వదిలేశాడు. మొదట్లో ఒపేరా స్వరలిపి చూసి ఆ ఖాళీలను పెన్సిల్‌తో నింపాను. రెండేళ్లకు ఒక్కొక్కటిగా అన్నీ చెరిపేశాను. స్వరాలు ఎక్కువైన చోటల్లా మోగాల్సిన తీగ నా వేలి కిందే ఆగిపోతోంది. విసేకు ఏది వదలాలో బాగా తెలుసు.

ఆర్భాటంగా సాగే ప్రారంభ సంగీతాలను మాత్రం కచేరీలో వాయించడం మానేశాను. వాటికి వాద్యబృందమే కావాలి.

కచేరీకి ముప్పై నలభై మంది పట్టే గది చాలు. పెద్ద చర్చిలో మంద్ర తీగల ప్రతిధ్వనికి రాగం మునిగిపోతుంది. ఒక చలికాలం, హీటర్లు నడుస్తున్న హాలులో, వెనక గదిలో శ్రుతి చేసుకుని వేదిక ఎక్కేసరికి తీగలన్నీ శ్రుతి తప్పిపోయాయి. శ్రోతల ముందే పది నిమిషాలు బిరడలు తిప్పాను. అప్పటి నుంచి గంట ముందే వెళ్లి, పెట్టె తెరిచి వాద్యాన్ని ఆ గాలికి వదులుతున్నాను.

ఇప్పుడు ‘ఆర్మీద్’ ఐదో అంకంలోని పస్సకాయ్‌ను, అంటే ఒకే మంద్ర వరస మళ్లీ మళ్లీ తిరిగే రచనను, నేనే అమర్చుకుంటున్నాను. జి, ఎఫ్, ఇ ఫ్లాట్, డి అనే పాశ్చాత్య స్వరాలుగా దిగే మంద్రానికి ఏడు నుంచి పది వరకు తీగలు వరసగా సరిపోతాయి, తొమ్మిదో తీగను అర స్వరం దించితే చాలు. కష్టమంతా బొటనవేలిదే. కొత్త తీగ మీటిన మరుక్షణం వెనక్కి వచ్చి పాత తీగ నోరు మూయాలి. ఆర్నెల్లుగా రోజూ ఆ నాలుగు స్వరాలతోనే సాధన మొదలుపెడుతున్నాను.