యానాంలో పునీత అన్నమ్మ దేవాలయం

మా చిన్నతనంలో అమలాపురం నుంచి యానాం వెళ్లాలంటే ఎదుర్లంక రేవులో పంటు కోసం పడిగాపులు కాయవలసి వచ్చేది. బాలయోగి వారధి వచ్చాక గౌతమిని బస్సులో కూర్చునే దాటుతున్నాము. ఈసారి అమ్మను వెంటబెట్టుకుని వెళ్లింది ఫ్రెంచివారి కాలం నాటి పునీత అన్నమ్మ దేవాలయాన్ని, అంటే కథోలిక చర్చిని, తీరిగ్గా చూడడానికే.

బస మాత్రం నిరాశపరిచింది. పుదుచ్చేరి పరిధి కావడంతో ఇక్కడ మద్యం చవక. శనివారం రాత్రి మేము దిగిన లాడ్జిలో తెల్లవారుజాము దాకా తాగినవారి కేకలే. గదికి 1,800 రూపాయలు తీసుకుని దుప్పటి కూడా మార్చలేదు. అడిగితే, ‘పొద్దున్నే మార్చేస్తామండి’ అన్నాడు కుర్రాడు.

ఆదివారం దివ్యబలిపూజ (చర్చిలో జరిగే ఆరాధన) ముగిసి జనం పలచబడ్డాక లోపలికి వెళ్లాము. 1723లో యానాంలో అడుగుపెట్టిన ఫ్రెంచివారు 1954లో వదిలి వెళ్లారు. వారి కాలాన్ని ఊహించుకోవడానికి ఊళ్లో ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు. ఐరోపా పద్ధతిలో 1846లో కట్టిన ఈ గుడికి పీఠం సామగ్రినీ, అలంకరణ వస్తువులనూ, కుర్చీలూ బల్లలనూ ఫ్రాన్సు నుంచే తెప్పించారని చెబుతారు. అంటే అవన్నీ సముద్రాలు దాటి, గోదావరి పాయలోకి మళ్లి, రాయి దొరకని ఈ ఒండ్రునేల మీద దిగిన సరుకన్నమాట. పని తలపెట్టిన ఫాదరీ అది పూర్తికాక మునుపే, 1836లో, 36వ ఏట కన్నుమూశారు. మరి మూడేళ్లకు, 1839 నవంబరులో, దగ్గరలోని కోరంగి రేవును ఉప్పెన ఊడ్చిపెట్టింది. ఆ తరువాత ఏడేళ్లకు గాని గుడి సిద్ధం కాలేదు. ఆ పదేళ్లూ పనివాళ్లు ఏ ధైర్యంతో ఇక్కడికి వచ్చిపోయారో అనుకుంటూ గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాను.

అమ్మ చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, కొంగు తలమీదుగా కప్పుకుని, కొవ్వొత్తి వెలిగించింది. పక్కన కూర్చున్న ముసలావిడ, ‘అన్నమ్మగారంటే మరియమ్మ తల్లండీ’ అని చెప్పగానే, ‘అయితే ఏసుప్రభువుకి అమ్మమ్మ గుడన్నమాట’ అని అమ్మ తేల్చేసింది. ఫ్రెంచి పేరు ఎప్పుడో అన్నమ్మగా మారిపోయింది కనుక ఆ మాట ఆవిడకూ వింతగా తోచలేదు.

నది ఒడ్డున ఎత్తైన టవరుకు అరగంట చాలు. రాత్రి బసకు 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ మేలు. జూలై 26న అన్నమ్మ పండుగకు మళ్లీ వెళదామని అమ్మ ఇప్పటినుంచే అంటోంది. అప్పుడు కాకినాడలో దిగి, తొలి బస్సుకే బయలుదేరుతాము.