టైర్లలో గాలి ఎంత ఉండాలి: ఇంటి పంపుతో కొన్నేళ్ల వాడకం

కారు టైర్లలో గాలి నింపుకోవడానికి 12 వోల్టుల చిన్న పంపునూ, దానితో పాటు పీడనం కొలిచే ఒక చేతి గేజీని విడిగానూ కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఐదుగురు కూర్చునే చిన్న కారు, ట్యూబ్‌లెస్ టైర్లు, మామూలు రోజుల్లో హైదరాబాద్ రోడ్లు, పండుగలకూ పెళ్ళిళ్లకూ విజయవాడ దారి. పంపు కొనదగ్గదేనా అని అడిగేవారికి వెంటనే అవునని చెప్పగలను. అయితే గాలి నింపుతుందన్నందుకు కాదు, ఆ పని ఏ బంకులోనైనా జరుగుతుంది. రాత్రంతా నిలిచి ఉన్న కారు టైర్లను, అవి వేడెక్కకముందే కొలిచి, అక్కడికక్కడే సరిచేసుకునే వీలు ఇంట్లో పంపు ఉంటేనే దొరుకుతుంది. సరైన పీడనం ఎంత అన్న ప్రశ్నకు జవాబు సగం ఆ కొలిచే సమయంలోనే ఉంది.

ముందు ఆ అంకె ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే, లాక్ పడే స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. కొన్ని కార్లలో అది పెట్రోలు ట్యాంకు మూత లోపలి వైపున ఉంటుంది. టైరు కొలత, ముందు చక్రాలకు ఎంత, వెనుక చక్రాలకు ఎంత, మామూలు బరువుకు ఎంత, నిండు బరువుకు ఎంత అన్నవన్నీ ఆ చిన్న పట్టికలోనే ఉంటాయి. మా కారుకు మామూలు బరువుతో నాలుగు చక్రాలకూ 33 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు అనే పీడనం కొలత) అని ఉంది. కొన్ని స్టిక్కర్ల మీద అదే విలువ 230 కిలోపాస్కల్ అనో, 2.3 బార్ అనో ఉంటుంది. టైరు పక్క గోడ మీద అచ్చుపోసిన 44, 51 లాంటి అంకెలు మాత్రం ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనాన్ని చెబుతాయే తప్ప, మీ కారులో ఎంత నింపాలో చెప్పవు. అదే టైరును వేరు వేరు బరువులున్న కార్లకు బిగిస్తారు కాబట్టి, ఎంత నింపాలో చెప్పగలిగింది కారు తయారీదారే.

బంకులో ఇవేవీ ఎవరూ అడగరు. "అన్నింటికీ ముప్ఫై ఐదు పెట్టేస్తా సార్" అని కుర్రాడు మీట నొక్కేస్తాడు, వెనుక వరుసలో ఆటోలు హారన్ కొడుతుంటాయి. బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉన్నా, ఆ యంత్రం సరిగ్గా చూపుతోందో లేదో మనకు తెలిసే దారి లేదు. మా కారును ఒక వర్క్‌షాపులో సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్న ప్రతిసారీ మర్నాడు ఉదయం కొలిస్తే 38 నుంచి 40 మధ్య ఉండేది. స్టీరింగు తేలికగా తిరుగుతుంది, బండి హాయిగా దొర్లుతుంది, కాబట్టి సర్వీసు బాగా చేశారని యజమాని సంతోషిస్తాడు. కానీ అంత గాలితో టైరు నడిమి భాగమే రోడ్డుకు గట్టిగా ఆనుతుంది, అక్కడే ముందు అరుగుతుంది. గతుకు పడితే దెబ్బ నేరుగా సస్పెన్షన్‌కూ నడుముకూ తగులుతుంది. గాలి తక్కువైతే దీనికి తారుమారుగా రెండు అంచులూ అరుగుతాయి. స్టిక్కరులోని అంకెకు కట్టుబడి తిప్పిన ఇప్పటి టైర్లు అంచు నుంచి అంచు దాకా సమంగా అరుగుతూ, గాళ్ల అడుగున, ఇక టైరు మార్చాలని చెప్పే 1.6 మిల్లీమీటర్ల గుర్తుల వైపు నాలుగూ దాదాపు ఒకే తీరున దిగుతున్నాయి. ఈ వాడకంలో నాకు కనిపించిన లాభాలలో చేతితో తడిమి చూసుకోగలిగింది ఇదొక్కటే.

ఇక ఎండాకాలం మాట. "వేసవిలో గాలి వేడెక్కి పెరుగుతుంది కాబట్టి రెండు మూడు తక్కువ పెట్టించుకోండి" అన్న సలహా మన ప్రాంతంలో వినని కారు యజమాని ఉండడు. అందులో మొదటి సగం నిజం, రెండో సగం ప్రమాదం. 25 డిగ్రీల దగ్గర 33 ఉన్న టైరులోని గాలి, హైవే మీద నడిచి 55 డిగ్రీలకు చేరితే గేజీ మీద దాదాపు 38 చూపుతుంది. ఈ పెరుగుదలను కారు తయారీదారు ముందే లెక్కలో వేసుకున్నాడు. స్టిక్కరు మీది అంకె చల్లని టైరుకు చెప్పినది, అంటే కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న కారుకో, రెండు కిలోమీటర్లలోపే నడిచిన కారుకో చెప్పినది. సూర్యాపేట దగ్గర టీ తాగడానికి ఆగి, 38 చూసి కంగారుపడి 33కు దించేస్తే, మర్నాడు ఉదయం ఆ టైరులో 29కి లోపే మిగులుతుంది. తక్కువ గాలి ఉన్న టైరు గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతాయి, ఆ వంగడమే వేడిని పుట్టిస్తుంది. మే నెల మధ్యాహ్నం నల్లగా కాలిన రోడ్డు మీద, నిండు కారుతో, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు టైరు పేలడానికి ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి ఉండదు. పాత టైరు, పక్క గోడ మీద దెబ్బ, అధిక బరువు కూడా దీనికి తోడవుతాయి కానీ, వాటిలో ఉదయం ఐదు నిమిషాల్లో మనం సరిచేయగలిగేది గాలి ఒక్కటే. వేసవిలో గాలి తగ్గించడం వేడిని తగ్గించదు, పెంచుతుంది.

రుతువులతో అసలు జాగ్రత్త పడవలసింది మరో చోట ఉంది. హైదరాబాద్‌లో మే నెల తెల్లవారుజామున 29 డిగ్రీల దగ్గర 33 నింపి వదిలేస్తే, జనవరిలో 14 డిగ్రీల ఉదయానికి, ఒక్క బుడగ గాలి పోకపోయినా అది 31కి లోపలికి దిగుతుంది. రబ్బరు గుండా నెలకు సుమారు ఒక పీఎస్‌ఐ దానంతట అదే తప్పించుకుపోతుంది కాబట్టి, వాస్తవంలో ఇంకా బాగా తక్కువే ఉంటుంది. అందుకే దీపావళి దాటాక నేను నెలకు రెండుసార్లు చూస్తాను, తక్కిన కాలంలో ఒకసారి.

వానాకాలంలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న మాటా ఇలాంటిదే. నీరు నిలిచిన రోడ్డు మీద టైరు నీటిపైకి తేలి పట్టు తప్పే వేగం, పీడనం వర్గమూలంతో పాటు పెరుగుతుందని 1960లలో విమాన చక్రాల మీద నాసా పరిశోధకులు తేల్చారు. ఆ సూత్రాన్ని అలాగే వేస్తే 33 దగ్గర గంటకు సుమారు 96 కిలోమీటర్లు, 26 దగ్గర 85 వస్తుంది. కారు టైరుకు గాళ్ల లోతునూ వెడల్పునూ బట్టి ఈ అంకెలు మారతాయి, వాటిని పట్టుకుని వేగం నిర్ణయించుకోకూడదు; కానీ గాలి తగ్గేకొద్దీ తేలే వేగమూ తగ్గుతుందన్న దిశ మాత్రం మారదు.

స్టిక్కరులో అందరూ వదిలేసే వరుస నిండు బరువుది. సంక్రాంతికి ఊరికి బయల్దేరేటప్పుడు ఐదుగురు మనుషులూ, వెనుక సూట్‌కేసులూ ఉంటాయి. తిరుగు ప్రయాణంలో వాటికి బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు, పచ్చడి జాడీలు చేరతాయి. ఆ బరువులో ఎక్కువ భాగం వెనుక ఇరుసు మీదే పడుతుంది. మా కారు స్టిక్కరు ఆ స్థితికి వెనుక చక్రాలకు 36 అడుగుతుంది. టైరు కొలత పక్కన 88 అని ఉంటే ఆ టైరు మోయగలిగేది 560 కిలోలని అర్థం, అయితే అంత మోయడానికి తగిన గాలి లోపల ఉండాలి; బరువును నిజంగా మోసేది రబ్బరు కాదు, లోపల బంధించిన గాలే. బయల్దేరే ముందు వెనుక చక్రాలకు 3 కలిపి, తిరిగి వచ్చాక తీసేయడం ఇంట్లో పంపు లేకుండా ఎవరూ చేయరు, నేనూ చేసేవాడిని కాదు. వంపుల్లో కారు వెనుక భాగం ఊగడం తగ్గినట్టు అమ్మ కూడా గమనించింది, వెనుక సీటు ఆవిడది కాబట్టి ఆ మాటను నేను నమ్ముతాను.

మైలేజీ గురించి మాత్రం పెద్ద ఆశలు వద్దు. నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్‌ఐ తగ్గితే ఇంధనం వాడకం సుమారు 0.2 శాతం పెరుగుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఐదు తగ్గినా ఒక శాతమే. పెట్రోలు ఆదా అవుతుందని 40 నింపుకునేవారు ఆ పైసలను టైర్ల షాపులో తిరిగి ఇచ్చేస్తారు.

ఇక పంపు సంగతి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి, ఇంజను నడుస్తుండగా వాడాలి. ఇంజను నడపకపోతే బ్యాటరీ మీద భారం పడుతుంది, మూసి ఉన్న సెల్లారులో ఇంజను నడిపితే పొగ నిండుతుంది, అందుకని కారును గేటు బయటకు తోలుకుని చేసుకుంటాను. ఆ కాస్త దూరానికి టైరు వేడెక్కదు. 28 నుంచి 33కు రావడానికి టైరుకు రెండు నిమిషాల లోపు పడుతుంది. అనుకున్న అంకె దగ్గర దానంతట అదే ఆగిపోయే సౌకర్యం ఉంది కానీ, గాలి గొట్టంలో పారుతున్నంతసేపు తెర మీది అంకె అసలు కన్నా కాస్త ఎక్కువే చూపుతుంది, ఆగాక ఒక అర నుంచి ఒక పీఎస్‌ఐ వరకు దిగుతుంది. గొట్టం కొన మరమీద తిప్పి బిగించే రకం కావడంతో విప్పేటప్పుడు ఇంకొంత పోతుంది. అందువల్ల 34కు పెట్టి, విప్పాక చేతి గేజీతో సరిచూసుకుంటాను. గేజీ లేకుండా పంపు తెరనే నమ్ముకోవడం నాకు నచ్చదు. రెండింటిలో ఒకటే కొనే స్తోమత ఉంటే గేజీ కొనమనే చెబుతాను.

లోపాలూ ఉన్నాయి. చప్పుడు చాలా ఎక్కువ, ఆదివారం ఉదయం ఆరింటికి అపార్టుమెంటులో వాడితే పొరుగువారితో మాట పడాలి. పది నిమిషాలు ఆగకుండా నడిస్తే గొట్టం కొనలోని ఇత్తడి చేయి పెట్టలేనంత కాలుతుంది. వెనుక చక్రాలకు తీగ అందుతుంది కానీ, తలుపుల మధ్య నుంచి లాగి తిప్పాల్సి వస్తుంది. ప్లగ్గు కొనలో ఉన్న చిన్న ఫ్యూజు ఒకసారి పోయింది, విప్పి కొత్తది వేస్తే సరిపోయింది. 180 వాట్ల పంపు 15 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, కొనేముందు మీ కారు సాకెట్ ఫ్యూజు ఎంతకు తట్టుకుంటుందో పుస్తకంలో చూసుకోండి. బ్యాటరీతో నడిచే తీగలేని రకం చూడ్డానికి బాగుంటుంది, కానీ మన ఎండలో నిలిపిన కారు డిక్కీలో లిథియం బ్యాటరీ ఉంచడం నాకు ఇష్టం లేదు.

నైట్రోజన్ గురించి అడిగేవారికి: మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది. ఖాళీ టైరులో అప్పటికే ఉన్న గాలి మీద ఒక్కసారి నైట్రోజన్ నింపితే 93 శాతం దాకా వస్తుంది. అది కాస్త నిదానంగా బయటికి పోతుంది, తేమ లేకుండా ఉంటుంది; వేడికి వ్యాకోచించడంలో మాత్రం మామూలు గాలితో సమానమే. డబ్బు పెట్టి నింపించాక మళ్ళీ నైట్రోజన్ దొరికే చోటే చూసుకోవాలని నెలల తరబడి టైరును వదిలేయడం దానివల్ల వచ్చే పెద్ద నష్టం. అందులో మామూలు గాలి కలిపితే ఏమీ కాదు.

పీడనం తగ్గితే దీపం వెలిగించే వ్యవస్థ ఉన్న కార్ల వారికి గేజీ అనవసరమనిపిస్తుంది. 2000లో అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్లు లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకోవలసి వచ్చినప్పుడు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు చెప్పిన 26 పీఎస్‌ఐ మీద కూడా పెద్ద చర్చ జరిగింది. ఆ ఏడాది వచ్చిన చట్టం ఫలితంగానే అక్కడ ఈ దీపం తప్పనిసరి అయింది. అయితే ఆ నిబంధన ప్రకారం స్టిక్కరు అంకె కన్నా 25 శాతం తగ్గేసరికి హెచ్చరిక వస్తే చాలు. 33 కావలసిన కారులో 25కు దగ్గరపడేదాకా దీపం వెలగకపోయినా నిబంధన నెరవేరినట్టే. డాలస్‌లో ఉండే మా బంధువులు, మొదటి చలి ఉదయాన దీపం వెలిగితే కారు చెడిపోయిందని ఫోన్ చేస్తారు. చెడిపోలేదు, చాలా రోజులుగా గాలి తక్కువగా ఉందని చలి బయటపెట్టింది.

కొండల మీదికి వెళ్ళేవారి సందేహం ఒకటి తరచూ వింటుంటాను. విజయవాడలో 24 డిగ్రీల దగ్గర 33 నింపి, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో 6 డిగ్రీల తెల్లవారుజామున చూస్తే లెక్క ప్రకారం 32 దరిదాపుల్లో ఉండాలి. చలి దాదాపు 3 తగ్గిస్తే, ఎత్తుకు వాతావరణ పీడనం తగ్గడం వల్ల గేజీ ఒకటిన్నర పైచిలుకు ఎక్కువ చూపుతుంది. అక్కడ గాలి తీయాల్సిన పనీ లేదు, నింపాల్సిన పనీ లేదు.

చివరగా స్టెప్నీ. దాన్ని కొలిచేవారిని నేను చాలా తక్కువగా చూశాను. మామూలు సైజు స్టెప్నీ అయితే నిండు బరువుకు చెప్పిన అంకె దాకా నింపి ఉంచుతాను, అవసరమైనప్పుడు తీయడం తేలిక కదా. సన్నగా ఉండే తాత్కాలిక చక్రమైతే దానికి సాధారణంగా 60 పీఎస్‌ఐ కావాలి, దాని గోడ మీదే రాసి ఉంటుంది. అంత నింపగలిగే పంపునే కొనండి.