రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు

విజయనగరం గంటస్తంభం దగ్గర మేం బియ్యం కొనే కొట్టులో బస్తాలు తూచే కాటా ఉంది. మూడేళ్ల కిందట కొత్తగా కొన్న కార్బన్ ఫ్రేము సైకిల్ని, రోడ్ బైక్ అంటారే, దాన్ని నేరుగా అక్కడికి తీసుకెళ్లి దాని మీద నిలబెట్టాను. 8.6 అని ఎర్ర అంకెలు వెలిగాయి. "పాతిక కేజీల బస్తాలో సగం కూడా నేదు, దీనికి లక్షా పదిహేను వేలేటి బాబూ?" అన్నాడు కొట్టాయన. నా పాత అల్యూమినియం బండి అదే కాటా మీద 11.4 తూగింది. ఈ 2.8 కేజీల తేడా కోసమే డబ్బు పోశాను. 14,000 కిలోమీటర్లు తొక్కాక దాని గురించే నాలుగు మాటలు. గేర్లెన్ని, రంగులెన్ని అన్నవి కంపెనీ వాళ్లే చెబుతారు.

మొదటి నెలంతా కనబడిన ప్రతివాడికీ "ఎగిరిపోతోందిరా" అని చెప్పుకుని తిరిగాను. చింతపల్లి బీచి రోడ్డులో పాత బండి మీద గంటకి 26 దాటడం గగనమయ్యే నేను 29 మీద వెళ్లాను మరి. ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి. పాత బండి మా బావమరిది తీసుకున్నాడు. అరిగిపోయిన టైర్లు తీయించి, నా కొత్త బండికి ఉన్నలాంటి 28 ఎంఎం టైర్లే వేయించాడు. ఓ ఆదివారం ఇద్దరం బళ్లు మార్చుకుని అదే రోడ్డులో తొక్కాం. పాతదాని మీద కూడా నాకు 28 పైనే వచ్చింది. అంటే నేను మెచ్చుకుంటూ వచ్చింది చాలావరకు టైర్లనే! చదును రోడ్డు మీద ఆ వేగంలో మన కష్టంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. సముద్రం మీంచొచ్చే ఎదురుగాలి బండెంత తూగుతుందని అడగదు. మోచేతులు వంచి కిందకి ఒంగితే వచ్చిన లాభం నాకు కార్బన్ ఫ్రేము ఇవ్వలేదు.

సరే, కొండ ఎక్కుడు సంగతి. అక్కడ బరువు పనిచేస్తుంది, కాదనను. కానీ ఎంత? నేను 78 కేజీలు. పాత బండి, నీళ్లు కలిపితే 91 పైచిలుకు. అందులోంచి 2.8 తీస్తే నూటికి మూడు వంతులు. ఒక గంటసేపు ఘాట్ ఎక్కితే, అదే బలంతో తొక్కితే, మిగిలేది రెండు నిమిషాల లోపు. పోటీల్లో రెండు నిమిషాలంటే కొండంత. సైకిలు పోటీలకి రూల్సు పెట్టే అంతర్జాతీయ సంఘం యూసీఐ అయితే 2000లోనే 6.8 కేజీల కంటే తేలికైన బండి పోటీల్లో వాడకూడదని గీత గీసింది. నాకా రెండు నిమిషాలు దారిలో ఫోటో తీసుకోడానికి కూడా చాలవు.

పైగా ఆ కాటా మీద నేను ఖాళీ బండిని తూచాను. నిండు సీసాలు రెండు, పంపు, ట్యూబులు, లైట్లు, తాళం, అరటిపళ్లు అన్నీ పెట్టి ఈమధ్య మళ్లీ తూచితే 11.9 చూపించింది. కొట్టాయన ఈసారి ఏమీ అనలేదు, నవ్వాడంతే.

ఇక అసలు బాధ. పోయినేడాది డిసెంబర్లో బావమరిదీ నేనూ అరకు బయల్దేరాం. ఎస్.కోటలో టీకి ఆగాం. వాడు పాత బండికి స్టాండు బిగించుకున్నాడు, దానికి నేను చాలా రోజులు నవ్వాను. నాదేమో కార్బన్. స్టాండు బిగిస్తే గొట్టం నలిగిపోతుంది. బెంచీకి ఆనించాను. పక్కనుంచి ఓ బస్సు విసురుగా వెళ్లింది. ఆ గాలికి నా బండి మెల్లగా జారి కుడివైపుకి, గేర్లున్న వైపుకి, పడింది. వాడిది కదల్లేదు. లేపి చూశాను, గీత కూడా పడలేదు. హమ్మయ్య అనుకుని టీ తాగేశాను.

బౌడార దాటి ఘాట్ మొదలయ్యాక వెనక నుంచి టిక్ టిక్ మని చప్పుడు. "బావా ఆగు, ఏదో తగులుతోంది" అన్నాడు వాడు. ఆగితే బాగుండేది. వాలు పెరిగిందని అన్నింటికంటే తేలిక గేరుకి మార్చాను. ఫటేల్‌మంది. వెనక డిరైలర్, అంటే గేరు మారేటప్పుడు చైనుని పక్కకి జరిపే భాగం, చక్రం పుల్లల్లోకి దూరి, విరిగి, చైనుకి వేలాడుతోంది. రెండు పుల్లలు తెగిపోయాయి. డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అని బొటనవేలంత ముక్క ఉంటుంది. కింద పడ్డప్పుడు అది లోపలికి ఒంగింది, నేను చూసుకోలేదు. ఫ్రేము విరక్కుండా తాను ఒంగడమే దాని పనట, ఆ లెక్కన అది తన పని తాను చేసింది. చైను విప్పే చిన్న పనిముట్టు నా దగ్గరుంది, కాకపోతే ఇంట్లో. 170 గ్రాములని తీసేశాను.

ట్రాలీ ఆటోలో ఎస్.కోట వెనక్కి వచ్చాం. రోడ్డు పక్క సైకిలు మెకానిక్, అరవై దాటిన మనిషి, బండిని ఒంటి చేత్తో లేపి, చుట్టూ తిప్పి చూసి, "ఇంత ఖరీదెట్టి కొన్నావు, స్టాండెట్టించుకోనేదేటి బాబూ?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. సన్నపు మేకుతో, సుత్తితో, ఊపిరి బిగబట్టి చైను పిన్ను సగం బయటికి కొట్టాడు. నాలుగు లింకులు తీసి, మధ్య పళ్లచక్రం మీద పెట్టి మళ్లీ బిగించాడు. వెనక చక్రం వంకర తిరుగుతోందని ఆ బ్రేకు వదులు చేశాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. ముందు బ్రేకు ఒక్కదానితో, ఒకే గేరుతో ఇంటికి తొక్కుకుంటూ వచ్చాను. బావమరిది దారంతా నా వెనకే, ఒక్క మాట అనకుండా. అంటేనే నయంగా ఉండేది. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం. మన దగ్గర దొరకదు, తెప్పిస్తే పంతొమ్మిది రోజులు పట్టింది.

ఇంత తిట్టి కూడా బండి అమ్మలేదు. మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పాత బండిని భుజానికెత్తుకుని మెట్లెక్కితే మలుపులో ఓసారి దించాల్సొచ్చేది. దీన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పాలప్యాకెట్లు పట్టుకుని వచ్చేస్తాను. రోజుకి రెండుసార్లు, మూడేళ్లుగా. 2.8 కేజీలు నా కాళ్లకి పెద్దగా తెలియలేదు గానీ భుజానికి బాగా తెలిసింది.

కింద వాటాలో ఉండి, బీచి దాకానో రామతీర్థం దాకానో తొక్కేవాళ్లయితే ముందు పాత బండికి మంచి టైర్లు వేయించి చూడండి. నాకంటే తేలికగా ఉండి వారం వారం ఘాట్ ఎక్కేవాళ్ల లెక్క వేరేగా ఉండొచ్చు. నేనెక్కేది నెలకోసారి, అదీ కుదిరితే. స్పేర్ హ్యాంగర్ ఒకటి ఇప్పుడు సీటు కింద సంచిలో పడుంటుంది. ఎంతుంటుందో తూచలేదు.