మాక్స్‌ఫీల్డ్: కార్డు కొనకముందే దాని పని తేల్చుకోడానికి

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటకి డెక్‌లు (ఆడే కార్డుల కట్టలు) కట్టుకోడానికి మూడేళ్లకు పైగా మాక్స్‌ఫీల్డ్ అనే వెబ్‌సైటు వాడుతున్నాను. వారాంతంలో ఆట ఉన్నా లేకపోయినా, వారంలో ఏదో ఒక రాత్రి అది తెరవకుండా ఉండను. ఇన్నాళ్ల వాడకం మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కార్డుల జాబితా రాసుకోడానికే అయితే ఏ నోట్‌ప్యాడ్ అయినా చాలు. మాక్స్‌ఫీల్డ్ విలువంతా, ఒక కార్డు నా డెక్‌లో ఏ పని చేస్తోందో డబ్బు పెట్టకముందే నాతో తేల్పించడంలో ఉంది. బెంగళూరులో ఉండి ఈ ఆట ఆడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ మంచి సింగిల్స్ (విడిగా అమ్మే కార్డులు) దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. బయటి నుంచి తెప్పించుకుంటే వారాల తరబడి ఎదురుచూడాలి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటని విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 1993లో విడుదల చేసింది. మేం ఆడేది అందులో కమాండర్ పద్ధతి. మామూలుగా నలుగురం కూర్చుంటాం, ఒక్కొక్కరికి 40 లైఫ్ (ప్రాణం పాయింట్లు). డెక్‌లో 100 కార్డులు: ఒకటి కమాండర్ (డెక్‌కి నాయకుడి కార్డు), మిగతా 99. బేసిక్ ల్యాండ్లు (కార్డులు ఆడటానికి ఖర్చుపెట్టే మానా అనే శక్తినిచ్చే మామూలు కార్డులు), కార్డు మీదే మినహాయింపు రాసి ఉన్న కొన్ని తప్ప ఏ కార్డూ రెండోది ఉండకూడదు. కమాండర్ రంగులు దాటి వేరే రంగు కార్డు పెట్టకూడదు. అచ్చయిన వేర్వేరు కార్డులు పాతిక వేలకు పైమాటే. అందులోంచి 99 ఏరాలి. కూర్చడం ఎవరైనా చేస్తారు, తీసెయ్యడం దగ్గరే అందరం ఆగిపోతాం.

తీసెయ్యడంలో నాకు సాయపడింది ట్యాగులు. మాక్స్‌ఫీల్డ్‌లో ప్రతి కార్డుకీ మనకి నచ్చిన పేరుతో ట్యాగ్ పెట్టుకోవచ్చు, ఒకే కార్డుకి రెండు మూడు కూడా పెట్టొచ్చు. తర్వాత డెక్‌ని ట్యాగుల వారీగా విడదీసి చూడొచ్చు. మామూలుగా కార్డులు రకాన్ని బట్టి కనిపిస్తాయి: జీవులు ఒకచోట, ఆర్టిఫాక్ట్‌లు (వస్తువుల కార్డులు) ఒకచోట, ల్యాండ్లు ఒకచోట. అలా చూస్తే డెక్‌లో ఏముందో తెలుస్తుంది గానీ ఏం చేస్తుందో తెలీదు.

నా మల్‌డ్రోథా డెక్‌నే తీసుకోండి. మల్‌డ్రోథా నలుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కమాండర్. ఆరు మానా ఖర్చు. అది టేబుల్ మీద ఉంటే, నా ప్రతి టర్న్‌లోనూ గ్రేవ్‌యార్డ్ (వాడేసిన, పోయిన కార్డుల కుప్ప) లోంచి ఒక్కో పర్మనెంట్ (ఆడాక టేబుల్ మీదే ఉండే కార్డు) రకానికి ఒక్కో కార్డు ఆడొచ్చు. ఒక ల్యాండ్, ఒక జీవి, ఒక ఆర్టిఫాక్ట్, ఒక ఎన్‌చాంట్‌మెంట్, అలా. పోయిన ముక్క మళ్లీ ఆటలోకి వస్తుందన్నమాట. ఈ డెక్‌లో నేను పెట్టిన ట్యాగులు 'ర్యాంప్' (మానా త్వరగా పెంచేవి), 'రిమూవల్' (ఎదుటివాళ్ల కార్డుల్ని తీసేసేవి), 'గ్రేవ్‌యార్డ్ నింపేవి', 'తిరిగొచ్చేవి'. ఈ చివరి ట్యాగ్ పెట్టాక డెక్ వేరేగా కనిపించడం మొదలైంది.

కల్టివేట్ ఉంది. మూడు మానాకి రెండు బేసిక్ ల్యాండ్లు తెచ్చిపెట్టే సోర్సరీ, అంటే ఒక్కసారి వాడే మంత్రం. ఒకటి నేరుగా టేబుల్ మీదకి, ఒకటి చేతిలోకి. ఆకుపచ్చ డెక్ అనగానే చెయ్యి దానికేసే పోతుంది. కానీ సోర్సరీ పర్మనెంట్ కాదు, వాడాక గ్రేవ్‌యార్డ్‌లో పడితే మల్‌డ్రోథా దాన్ని వెనక్కి తేలేదు. అదే సకురా-ట్రైబ్ ఎల్డర్ అయితే రెండు మానా జీవి. ఎదుటివాడి జీవిని అడ్డుకుని, దెబ్బ పడేలోపు తనని తాను బలిచ్చుకుని ఒక బేసిక్ ల్యాండ్ తెస్తుంది. మళ్లీ నా టర్న్‌లో గ్రేవ్‌యార్డ్ నుంచి లేచి వస్తుంది. దీనికి 'ర్యాంప్', 'తిరిగొచ్చేవి' రెండూ పడ్డాయి, కల్టివేట్‌కి మొదటిది మాత్రమే. ట్యాగుల వారీగా చూస్తుంటే ర్యాంప్ వరుసలో ఏవి ఒక్కసారితో అయిపోతున్నాయో, ఏవి ఆటంతా పని చేస్తున్నాయో పక్కపక్కన కనిపించింది. స్పోర్ ఫ్రాగ్ అనే ఒక్క మానా కప్ప కూడా అలాగే నిలబడింది. దాన్ని బలిస్తే ఆ టర్న్‌లో పోరాట నష్టమంతా ఆగిపోతుంది. విడిగా చూస్తే ఎవరూ పట్టించుకోని కార్డు. ఈ డెక్‌లో ప్రతి రౌండూ తిరిగొచ్చి నన్ను కాస్తుంది.

తీసేసిన వాటిని పారెయ్యక్కర్లేదు. 'కన్సిడరింగ్' అని వేరే అర ఉంది, అందులో పడేసి మనసు మారినప్పుడు వెనక్కి లాక్కోవచ్చు. మా గ్యాంగ్‌లో విజయవాడ కుర్రాడొకడు ఈమధ్యే ఆట మొదలుపెట్టాడు. మొదటి డెక్ లింకు పంపి, "అన్నా, ఇందులో ఏం తీసెయ్యను? అన్నీ బాగున్నాయి" అన్నాడు. "బాగున్నాయా లేదా అని చూడకురా, ఒక్కో కార్డు ఏం పని చేస్తుందో ట్యాగ్ పెట్టి పంపు" అన్నాను. మర్నాడు మారతహళ్లిలో టీ తాగుతూ ఫోన్‌లో చూశాను. ఇరవైకి పైగా కార్డులకి ట్యాగే లేదు. ఏం చేస్తాయో చెప్పలేకపోయినవే ముందు పోవాలని వాడికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ల్యాండ్ల లెక్క గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. డెక్ కింద మానా కర్వ్ గ్రాఫ్ (ఎంత మానా ఖర్చు కార్డులు ఎన్నున్నాయో చూపేది) ఉంటుంది, కార్డుల ఖర్చులో రంగుల గుర్తులు ఎన్ని, ఆ రంగులు ఇచ్చే కార్డులు ఎన్ని అన్న పోలిక కూడా ఉంటుంది. ఆ గుర్తుల్లో మూడో వంతు నీలానివైనా, నీలం ఇచ్చే ల్యాండ్లు ఆ వాటాలో సగం కూడా లేకపోతే అది కంటికి తెలిసిపోతుంది. గ్రాఫ్‌తో పాటు మామూలు సంభావ్యత లెక్క కూడా చేసుకోవాలని నా సలహా. 99 కార్డుల్లో 37 ల్యాండ్లు ఉంటే, ఆట మొదట్లో చేతికొచ్చే ఏడు కార్డుల్లో ఒక్క ల్యాండో లేదా అసలు లేకపోవడమో జరిగే అవకాశం వందకి దాదాపు 19. ఇంకో ఐదు మంచి కార్డులు పట్టించాలని ల్యాండ్లు 32కి తగ్గిస్తే అది 27కి పోతుంది. అంటే నాలుగు ఆటల్లో ఒకసారి చేతులు కట్టుకుని కూర్చోవడమే. ర్యాంప్ కార్డులు 10 పెట్టినా, మొదటి ఏడింటిలో ఒక్కటైనా వచ్చే అవకాశం 54 శాతమే. ర్యాంప్ ఉంది కదా అని ల్యాండ్లు కోసేసేవాళ్లకి నేను చూపించేది ఈ ఒక్క అంకె.

అంకెలు నచ్చనివాళ్లకి ప్లేటెస్ట్ ఉంది. బటన్ నొక్కితే డెక్ కలిపి ఏడు కార్డులు పంచుతుంది. మల్లిగన్ (చేతికొచ్చిన కార్డులు నచ్చకపోతే మళ్లీ పంచుకోవడం) చేసుకోవచ్చు, టర్న్ తర్వాత టర్న్ కార్డు లాగుతూ టేబుల్ మీద పరుచుకోవచ్చు. ఎదురు ఆడేవాళ్లుండరు, కాబట్టి డెక్ గెలుస్తుందో లేదో ఇది చెప్పదు. ఎన్నో టర్న్‌కి కమాండర్ దిగుతుందో మాత్రం చెబుతుంది. మెట్రో పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ వైపు వెళ్తూ ఇలా కార్డులు పంచుకుంటూ కూర్చోవడం నాకు అలవాటు. నాలుగో టర్న్ వచ్చినా నీలం మానా కనపడని చేతులు వరసగా తగిలితే, దిగే స్టేషన్ వచ్చేలోపే ఒక ఫారెస్ట్ (ఆకుపచ్చ ఇచ్చే ల్యాండ్) తీసి ఐలాండ్ (నీలం ఇచ్చేది) పెట్టేస్తాను. ఏ రోజు ఏది తీసి ఏది పెట్టానో హిస్టరీలో ఉంటుంది, కాబట్టి నెల తర్వాత "ఈ మార్పు ఎందుకు చేశాను" అని తల గోక్కోవాల్సిన పని లేదు.

ఇక ధరలు. ఇక్కడ బెంగళూరు వాడకందారులు జాగ్రత్తగా ఉండాలి. డెక్ పక్కన కనిపించే ధర టీసీజీప్లేయర్ లాంటి అమెరికా మార్కెట్‌ది, లేదా కార్డ్‌మార్కెట్ లాంటి యూరప్ మార్కెట్‌ది. ఆ డాలర్లని రూపాయల్లోకి మార్చేసి ఇదే ఖర్చు అనుకోకండి. షిప్పింగ్ ఉంటుంది, కస్టమ్స్ సుంకం ఉంటుంది. మూడు డాలర్ల కార్డు ఒక్కటే తెప్పిస్తే దారి ఖర్చే కార్డుని మించిపోతుంది. నేను ఆ ధరని ఒకదానితో ఒకటి పోల్చుకోడానికే వాడతాను: ఈ ల్యాండ్ ఆ ల్యాండ్ కన్నా ఐదు రెట్లు ఎక్కువైతే, డెక్‌లో ఐదు రెట్లు పని చేస్తోందా అని. ఒకే కార్డుకి చాలా ప్రింటింగులు ఉంటాయి, ధరలు ఆకాశానికీ భూమికీ ఉంటాయి, ఆటలో మాత్రం అన్నీ ఒకటే. ఏ ప్రింటింగ్ కావాలో కార్డు కార్డుకీ ఎంచుకోవచ్చు కాబట్టి, ముందు అన్నిటికీ చవకదే పెట్టి చూడండి. మొత్తం ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో కొనుగోలు పద్ధతి డల్లాస్ మీదుగా నడుస్తుంది. అక్కా బావా అక్కడుంటారు. వాళ్లు సెలవులకి వచ్చే ముందు నేను డెక్ జాబితాని టెక్స్ట్‌గా తీసి బావకి పంపుతాను. ఆయన దాన్ని టీసీజీప్లేయర్ మాస్ ఎంట్రీలో అతికిస్తే కార్ట్ మొత్తం ఒకేసారి నిండుతుంది. ఆయనకి ఈ ఆటలో ఓనమాలు కూడా తెలీవు, అయినా తప్పు కార్డు రాదు. కార్డులు సూట్‌కేసులో వస్తాయి, తిరుగు ప్రయాణంలో ఆ జాగాలోకి అమ్మ ఆవకాయ సీసాలు చేరతాయి. అప్పటిదాకా ఆగలేనప్పుడు కలర్ ప్రింట్ తీసి, పాత కార్డు ముందు పెట్టి స్లీవ్‌లో దూర్చి ఆడతాం. మా టేబుల్ దగ్గర అందరికీ అది సమ్మతమే. అలా ఆడి చూసి నిలబడిన కార్డులే బావ జాబితాకి ఎక్కుతాయి.

కేఫ్‌లలో తెలియనివాళ్లతో ఆడేవాళ్లకి ఇంకో లాభం ఉంది. కమాండర్‌లో పెద్ద గొడవ ఎవరి డెక్ ఎంత బలం అన్నదే. 2024 సెప్టెంబర్ 23న మానా క్రిప్ట్, జ్యుయెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్ లాంటి ఖరీదైన కార్డుల్ని నిషేధించినప్పుడు ఎంత దుమారం రేగిందో ఆడేవాళ్లందరికీ గుర్తే. ఆ నెలాఖరుకి పాత రూల్స్ కమిటీ చేతుల్లోంచి ఈ పద్ధతి బాధ్యత విజర్డ్స్‌కి వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో డెక్‌లని బలాన్ని బట్టి విడదీసే ఐదు మెట్ల బ్రాకెట్ పద్ధతిని ప్రయోగంగా తెచ్చారు. రిస్టిక్ స్టడీ లాంటి బలమైన కార్డుల్ని 'గేమ్ చేంజర్స్' అని ఒక జాబితాలో పెట్టారు. మొదటి రెండు బ్రాకెట్లలో అవి ఉండకూడదు, మూడోదాంట్లో మూడింటి దాకా పెట్టొచ్చు. మాక్స్‌ఫీల్డ్ డెక్ పేజీలో ఈ బ్రాకెట్ కనిపిస్తుంది. ఇందిరానగర్‌లో కన్నడ, తమిళ కుర్రాళ్లతో టేబుల్ కలిసినప్పుడు ఎవరి భాషలో వాళ్లు బలం వర్ణించుకునే కన్నా, లింకు తీసి చూపించడం చాలా హాయి. అయినా ఆ అంకెని గుడ్డిగా నమ్మొద్దు. గేమ్ చేంజర్ ఒక్కటీ లేకపోయినా, నా మల్‌డ్రోథా ఆరో టర్న్ దాటాక రెండో బ్రాకెట్ డెక్‌ల మధ్య పెట్టాల్సిన డెక్ కాదు. అది నేనే నోటితో చెబుతాను.

సిఫారసుల విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఈడీహెచ్‌రెక్ అనే సైటు, జనం ఆన్‌లైన్‌లో పెట్టిన డెక్‌లన్నీ పోగుచేసి, ఒక్కో కమాండర్‌తో ఎక్కువమంది ఏ కార్డులు వాడుతున్నారో శాతాల్లో చూపిస్తుంది. అది చాలా మంచి పని, నేనూ చూస్తాను. కానీ డెక్ సగం కట్టాకే చూస్తాను. ముందే చూస్తే అందరి మల్‌డ్రోథాలూ ఒకే మల్‌డ్రోథా అయిపోతాయి. స్పోర్ ఫ్రాగ్ పక్కన ఏం పెట్టాలో నేను నాలుగు రోజులు ఆలోచించి కనుక్కోవడంలో ఉన్న ఆనందాన్ని ఏ శాతమూ ఇవ్వలేదు. దానికి బదులు స్క్రైఫాల్ అనే కార్డులు వెతికే సైటులో వెతకడం నేర్చుకోండి. రంగు, రకం, మానా ఖర్చు, కార్డు మీద రాసి ఉన్న మాటలు, అన్నీ కలిపి అడగొచ్చు. నలుపు-ఆకుపచ్చ-నీలంలో, మూడు మానా లోపు, తనని తాను బలిచ్చుకునే జీవులన్నీ చూపించమంటే చూపిస్తుంది. ఎవరూ వాడని కార్డులు అక్కడే దొరుకుతాయి.

మాక్స్‌ఫీల్డ్ లాంటిదే ఇంకో సైటు, ఆర్కిడెక్ట్ కూడా కొంతకాలం వాడాను. కార్డుల బొమ్మల్ని వరుసల మధ్య మౌస్‌తో లాగి పెట్టుకోవడం ఇష్టమైనవాళ్లకి అది బాగా నచ్చుతుంది, మా గ్యాంగ్‌లో ఇద్దరు అదే వాడతారు. నాకు కీబోర్డు మీద గబగబా టైప్ చేసుకుంటూ పోవడం అలవాటు, మాక్స్‌ఫీల్డ్ అందుకు సరిపోయింది. రెండింటిలోనూ డెక్ కట్టుకోడానికి డబ్బు కట్టక్కర్లేదు. జాబితా టెక్స్ట్‌గా తీసి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నిమిషంలో తరలించుకోవచ్చు కాబట్టి, దేంతో మొదలుపెట్టినా ఇరుక్కుపోయేదేం లేదు. ఫోన్‌లో చూడటం, చిన్న మార్పులు చెయ్యడం వరకూ సరే. కొత్త డెక్ మొదలుపెడితే మాత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చోండి. వంద కార్డులూ ఒక్క చూపులో కనపడితేనే ఏది ఎక్కువైందో తెలుస్తుంది.

ఇప్పుడు నాకు ఇంకొక్కటే కావాలి. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో ఆడేవాళ్ల దగ్గర మిగులు కార్డులు డబ్బాల్లో పడి ఉన్నాయి. మాక్స్‌ఫీల్డ్‌లో కలెక్షన్ నమోదు చేసుకునే సదుపాయం ఉంది కాబట్టి, మా గ్యాంగ్ వరకూ అందరం మిగులు కార్డులు ఎక్కించడం మొదలుపెట్టాం. విజయవాడ కుర్రాడికి కావాల్సిన ల్యాండ్లలో నాలుగు బెళ్లందూరులోనే ఒకరి అట్టపెట్టెలో దొరికాయి. మీ దగ్గరా డబ్బాలుంటే, ఒక ఆదివారం కూర్చుని ఎక్కించండి.