గట్టిగా మోగే సైలెన్సర్‌తో 60,000 కిలోమీటర్లు తిరిగాక

మాది విశాఖపట్నంలో మధురవాడ. పని గాజువాక దాటాక ఒక ఫ్యాక్టరీలో, మెయింటెనెన్స్‌లో. రానుపోను రోజుకు 50 కిలోమీటర్లకు పైనే. దాదాపు అంతా హైవే మీదే: కార్‌షెడ్, ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం, ఎన్‌ఏడీ, షీలానగర్. బండి 2016 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. 2017 సంక్రాంతి వెళ్లాక దానికి బయట దొరికే, పెద్దగా మోత చేసే సైలెన్సర్ వేయించాను. 2021 డిసెంబర్‌లో తీసేసి కంపెనీ సైలెన్సర్ మళ్లీ బిగించాను. ఆ మోతతో దాదాపు ఐదేళ్లు, 60,000 కిలోమీటర్లు తిరిగాను. కంపెనీ దానితో ఆ తర్వాత ఇంకో 40,000 అయ్యాయి. బండీ అదే, రోడ్డూ అదే, నడిపిందీ నేనే. అందుకే ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇప్పటికీ మా ఫ్యాక్టరీ పార్కింగ్‌లో కుర్రాళ్లు ‘సౌండ్ ఉంటేనే సేఫ్టీ’ అని ఒకరికొకరు చెప్పుకుని సైలెన్సర్లు మార్పిస్తున్నారు.

నేనూ మోజుతో వేయించలేదు, భయంతో వేయించాను. 2016 చివర్లో ఒక సాయంత్రం షీలానగర్ దగ్గర స్టీలు కాయిల్స్ వేసుకున్న ట్రైలర్ ఒకటి నన్ను చూసుకోకుండా ఎడమకు జరిగిపోయింది. మట్టిలోకి దింపి బతికాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు పనిలో ఒక సీనియర్ అన్నాడు, “గురూ, నువ్వొస్తున్నట్టు వాడికి తెలియాలి కదా. బుల్లెట్‌కి సౌండ్ పెట్టించు, వాడే తప్పుకుంటాడు.” నాకు ఆ మాట సబబుగానే తోచింది. అమెరికా రైడర్ల ‘లౌడ్ పైప్స్ సేవ్ లైవ్స్’ (మోత గొట్టాలు ప్రాణాలు కాపాడతాయి) అనే నినాదం కూడా అప్పుడే చెవిన పడింది. కంచరపాలెంలో ఒక మెకానిక్ దగ్గర పంజాబ్ సైలెన్సర్ అని పిలిచే పొడవాటి గొట్టం తీసుకున్నాను. బిగింపుతో కలిపి 2,400 రూపాయలు.

మొదటి రెండు నెలలు తేడా నిజంగానే కనిపించింది. ఈ మాట దాచను. పూర్ణా మార్కెట్ సందుల్లో మనుషులు ముందే తిరిగి చూసేవాళ్లు. జగదాంబ దగ్గర ఆటోవాళ్లు పక్కకు ఒదిగేవాళ్లు. నాకు ధైర్యం వచ్చింది. ఎవరు వింటున్నారన్నది మాత్రం అప్పట్లో ఆలోచించలేదు. నడిచేవాడి చెవులకు అడ్డు లేదు. ఆటోకు తలుపుల్లేవు. పైగా అక్కడ అందరం గంటకు పది, పదిహేను కిలోమీటర్ల మీద పాకుతున్నవాళ్లమే, తగిలినా ప్రాణం పోయే వేగం కాదు. హైవే ఎక్కి 60 అందుకున్నాక నా కోసం ఎవరూ జరగలేదు. లారీ డ్రైవర్‌కు తన ఇంజన్ మోతే సరిపోతుంది. కారులో అద్దాలు బిగించి ఏసీ వేసుకుంటారు. విశాఖ ఉక్కపోతలో అద్దాలు దించుకుని కారు నడిపేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇది అర్థం కావడానికి నాకు ఒక ఎముక విరగాల్సి వచ్చింది.

2021 ఆగస్టు, ఉదయం ఏడున్నర. ఎండాడ దగ్గర డివైడర్ తెరిచి ఉన్న చోట ఎదుటి వైపు నుంచి వచ్చిన కారు యూ టర్న్ తీసుకుంది. నేను 55 మీద ఉన్నాను. ఆ వేగంలో సెకనుకు 15 మీటర్లు పోతాం. కారు ముక్కు నా దారిలోకి వచ్చేసరికి మధ్యలో ముప్ఫై మీటర్లు కూడా లేవు. బ్రేకు కొట్టాను, వెనక చక్రం జారింది, కారు ఎడమ వైపు ముందు చక్రం దగ్గర గుద్దుకున్నాను. కాలర్ బోన్ విరిగింది. ఆ కారు నడిపిన పెద్దాయన చేతులు వణుకుతుండగా తన కారులోనే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో ఒకటే మాట, “బాబూ, నువ్వు కనపడలేదు. చప్పుడు కూడా వినపడలేదు నాయనా.” ఆయన అబద్ధం చెప్పలేదు. నేనప్పుడు కూర్చున్న ఆ కారులో అద్దాలు మూసి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది, బయట ఏముందో నాకూ వినపడటం లేదు.

చెయ్యి కట్టుకుని ఇంట్లో ఉన్న ఆరు వారాల్లో ఈ విషయం గురించి దొరికింది దొరికినట్టు చదివాను. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది హర్ట్ రిపోర్ట్. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900కు పైగా బైకు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. రిపోర్టు 1981లో వచ్చింది. పాతదే, ఆ రోడ్లు వేరు, అక్కడ కుడి వైపున నడుపుతారు. కానీ అందులో చెప్పింది ఎండాడలో నాకు జరిగినదే. బైకుతో పాటు ఇంకో వాహనం ఉన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు ఎదుటి వాహనం బైకు దారికి అడ్డు రావడం వల్ల జరిగాయి. ముఖ్యంగా బైకు ముందు నుంచి ఎడమకు తిరిగే కార్లు. అక్కడి ఎడమ మలుపంటే మన దగ్గర కుడి మలుపు, యూ టర్న్. నాలుగింట మూడు వంతులకు పైగా ముప్పు ఎదుటి నుంచే, సూటిగా చూసే చూపుకు అటూ ఇటూ 45 డిగ్రీల లోపలే ఉంది. తప్పించుకోవడానికి రైడర్‌కు దొరికిన సమయం సాధారణంగా 2 సెకన్ల లోపు.

ప్రమాదం ముందు ఉంది. నా సైలెన్సర్ మూతి వెనక్కి ఉంది.

అయినా చెవులారా విని తేల్చుకుందామనిపించింది. చెయ్యి బాగయ్యాక నవంబర్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామున మా బావమరిది, మా కింది పోర్షన్ అన్నయ్య, నేను రుషికొండ దాటి భీమిలి రోడ్డుకు వెళ్లాం. అన్నయ్యది స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. సి షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకునే మనిషి. నా బండి స్టార్ట్ అయితే ఆయన నిద్ర అయిపోయినట్టే. ఐదేళ్లు ఓర్చుకున్నారు, పల్లెత్తు మాట అనలేదు. ఆయన కారులోనే ఆయన, నేను కూర్చున్నాం. బండి బావమరిదికి ఇచ్చాను.

మొదట కారు ఆపి, ఇంజన్, ఏసీ వేసి, అద్దాలు మూసి విన్నాం. వెనక నుంచి బండి వస్తుంటే కొంత దూరం నుంచే వినిపించింది. దీన్ని నమ్ముకునే మనమందరం మోసపోయేది. ఆగి ఉన్న కారులో చెవి పెట్టి వినేవాడికి వినపడుతుంది మరి. తర్వాత కారు 60 మీద నడిపాం. బండి ఇంచుమించు వెనక డోర్ పక్కకు వచ్చేదాకా మాకు ఏమీ తెలియలేదు. అప్పుడు కూడా ఏదో గుబగుబమన్నట్టు ఉందే తప్ప కుడి పక్కనా ఎడమ పక్కనా అన్నది తెలియలేదు. నేను రెండుసార్లు తప్పు చెప్పాను. అది కూడా, బండి ఉందని ముందే తెలిసి, దాని కోసమే వింటూ. చిన్న వాల్యూములో పాట పెడితే బండి పక్కకొచ్చినా తెలియలేదు.

అసలైన పరీక్ష ఎదురుగా రావడం. మేము ఇటు నుంచి, బావమరిది అటు నుంచి, ఎవరి వైపున వాళ్లం. బండి ఎదురుగా కంటికి కనిపిస్తూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. మమ్మల్ని దాటిన మరుక్షణం గుప్పున మోత. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. అన్నయ్య కారు పక్కకు ఆపి అన్నారు, “ఏటి తమ్ముడూ, నువ్వెళ్లిపోయాక వినిపిస్తంది కదా చప్పుడు.”

ఆ మాట తర్వాత నాకు ఇక అనుమానం మిగల్లేదు.

కారణాలు కూడా పెద్ద కష్టమైనవి కావు. ఖాళీ జాగాలో దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం 6 డెసిబుల్స్ తగ్గుతుంది. మూసిన అద్దాలు, డోర్లు ఇంకొంత తినేస్తాయి. మిగిలింది కారు టైర్ల మోతలో, ఏసీ ఫ్యాన్ గాలిలో కలిసిపోతుంది. ఒంటి సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 3,000 ఆర్‌పీఎం మీద సెకనుకు 25 సార్లు కొడుతుంది. ఆ లోతైన దడదడ ఏ పక్క నుంచి వస్తోందో పోల్చుకోవడం మన చెవికి కష్టం. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ లాంటి చోట గోడలకు కొట్టుకుని నాలుగు వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది. హారన్ సంగతి వేరు. దాని ముఖం ముందుకు ఉంటుంది, గొంతు కీచుగా ఉంటుంది, కావలసినప్పుడు మాత్రమే మోగుతుంది.

ఘాట్ రోడ్డు మలుపుల్లో మోత ఉపయోగమని కొందరు మిత్రులు వాదిస్తారు. అనంతగిరి మీదుగా అరకు ఆ సైలెన్సర్‌తో మూడుసార్లు వెళ్లాను. ఎదురొచ్చే బస్సుకు మలుపు దగ్గర హారన్ కొట్టినప్పుడే జవాబు హారన్ వచ్చింది. నా వెనక బండ్ల మీద వచ్చినవాళ్లకు మాత్రం పైకి చేరేసరికి తలనొప్పి.

ఇక ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ మోత ఎదుటివాళ్లకు నన్ను వినిపించలేదు సరికదా, నాకు ఎదుటివాళ్లను వినపడనివ్వలేదు. మద్దిలపాలెం సిగ్నల్ దాటాక ఒకసారి అంబులెన్స్ నా వెనకే వచ్చి ఉంది. సైరన్ నాకు వినపడలేదు. వెనక కూర్చున్న మా ఆవిడ భుజం మీద కొట్టి చెబితే తప్పుకున్నాను. లోపల ఎవరున్నారో, ఆ కొన్ని సెకన్లు వాళ్లకు ఎంత అవసరమో అనే ఆలోచన చాలా రోజులు వదల్లేదు. నా ప్రాణం కోసమని పెట్టించుకున్న వస్తువు ఇంకొకరి ప్రాణానికి అడ్డు నిలబడింది.

2020 నుంచి రాత్రి పడుకుంటే చెవుల్లో సన్నగా కూత. చెవి డాక్టర్ గారు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించి, 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగడం చూపించారు. శబ్దం వల్ల వచ్చే నష్టం మొదట అక్కడే కనిపిస్తుందట. ఫ్యాక్టరీలో ఇయర్ ప్లగ్స్ వాడతానని చెప్పాను. “మరి దారిలో?” అని అడిగారు. పని చోట 85 డెసిబుల్స్‌లో ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, అమెరికా నిపుణుల సంస్థ నయోష్ లెక్కలో ప్రతి 3 డెసిబుల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమైపోతుంది. 100 డెసిబుల్స్ దగ్గర 15 నిమిషాలే. నాకు పొద్దున గంట, సాయంత్రం గంట. ఆ కూత ఇప్పటికీ ఉంది. సైలెన్సర్ తీశాక పెరగలేదు, అంతవరకే చెప్పగలను.

మైలేజీ 35 నుంచి 31కి పడింది. తక్కువ వేగంలో లాగుడు తగ్గింది, ఎక్సలేటర్ వదిలితే వెనక టపటప పేలేది. కార్బొరేటర్‌లో జెట్ మార్పించినా పూర్తిగా పోలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మన దేశంలో 175 సీసీ దాటిన బైకు తయారీ దశలో 80 డెసిబుల్స్ మించకూడదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారి దొరికితేనే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. కేజీహెచ్ లాంటి ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. మన పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను పీకించి రోడ్డు రోలర్ కింద తొక్కించడం ఊళ్లో అందరికీ తెలిసిందే. నన్ను రెండుసార్లు ఆపారు. తప్పు నాదే, కట్టాను.

మరి మోత లేకుండా ఎలా తిరుగుతున్నాను? నా బండికి హెడ్‌లైట్ స్విచ్ ఉంది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకు లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది, నాది అంతకు ముందుది. ఐదేళ్లు పగలంతా ఆ లైటు ఆర్పి తిరిగాను. పగటి పూట లైటు వేసుకునేవాళ్లకు ప్రమాదాలు తక్కువని హర్ట్ రిపోర్టులోనే ఉంది. ఇప్పుడు తాళం తిప్పగానే లైటు వేస్తాను. డివైడర్ తెరిచిన ప్రతి చోటా, అటు కారు ఉన్నా లేకున్నా, ఎక్సలేటర్ వదిలి బొటనవేలు హారన్ మీద, వేళ్లు బ్రేకు మీద పెడతాను. ఎదుటి కారు డ్రైవర్ ముఖం కాదు, ముందు చక్రం చూస్తాను. చక్రం కదిలితే కారు కదిలినట్టే. ముఖం నా వైపు తిరిగి ఉన్నా ఆ కళ్లు నన్ను చూడకపోవచ్చు, ఎండాడలో ఆ పెద్దాయన కళ్లు అలాగే ఉన్నాయి. ట్రైలర్ల ఎడమ పక్కన ఎంత ఖాళీ ఉన్నా దూరను. వాళ్ల అద్దంలో నేను పడే చోట వెనకే ఉండి, దాటితే ఒక్కసారిగా దాటేస్తాను. షీలానగర్‌లో ఆ రోజు నేను చేయాల్సింది అదే.

గుండె ఝల్లుమనే సందర్భాలు బాగా తగ్గాయి. అదంతా సైలెన్సర్ తీసినందుకే అనను. నా నడపడం మారింది. కానీ మోత ఉన్నన్నాళ్లు మార్చుకోవాలన్న ఆలోచనే రాలేదు. నేను వస్తున్నట్టు అందరికీ తెలుసనే నమ్మకంతో గ్యాపుల దగ్గర వేగం తగ్గించేవాణ్ని కాదు. ఆగస్టు ఉదయం 55 మీద ఉండటానికి కారణం కూడా ఆ నమ్మకమే.

ఆ గొట్టం కొన్నాళ్లు మా అటక మీద ఉంది. బావమరిది కొత్త బండి కొన్నాక, “ఊరికే పడి ఉంది కదా బావా, నాకిచ్చేయ్” అన్నాడు. భీమిలి రోడ్డు మీద మూడుసార్లు దాన్ని నడిపింది వాడే, కానీ కారులో కూర్చుని విన్నది మేము. ఇవ్వలేదు. మర్నాడు మా పేటలో వెల్డింగ్ షాపు కుర్రాడి చేత గ్రైండర్‌తో మధ్యకు కోయించి పాత ఇనుము కొట్టులో వేశాను. తూకానికి 90 రూపాయలు వచ్చాయి. వచ్చే ఆదివారం బావమరిదిని అన్నయ్య కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి, అలాంటి సైలెన్సర్ ఉన్న బండిని ఎదురుగా రమ్మందామని అనుకుంటున్నాం. బండి ఇవ్వడానికి మా ఫ్యాక్టరీ కుర్రాడొకడు ఒప్పుకున్నాడు. వాడు కూడా కారులో కూర్చుని వింటానన్నాడు.