అంగుళం స్కేలు ట్రాక్షన్ ఇంజిన్‌కు మైఫోర్డ్ ఎంఎల్7 లేత్: ఏళ్ల వాడకం తర్వాత

ఆవిరితో నిజంగా నడిచే ట్రాక్షన్ ఇంజిన్ (ఒకప్పుడు రోడ్ల మీద, పొలాల్లో బరువులు లాగిన ఆవిరి బండి) మోడల్‌ను ఇంటి గ్యారేజీలో తయారు చేయాలనుకునేవారికి మొదట తేల్చుకోవలసింది ఏ లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) కొనాలన్నదే. ఇంగ్లండ్‌లో నాటింగమ్ దగ్గర ఉంటున్న నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న మైఫోర్డ్ ఎంఎల్7 మీద, ఎల్.సి. మేసన్ రూపొందించిన ‘మిన్నీ’ అనే అంగుళం స్కేలు ఇంజిన్‌ను తయారు చేశాను. దాని మరమ్మతులు ఇప్పటికీ ఆ లేత్ మీదే సాగుతున్నాయి. ఇక్కడికి దగ్గరలోని బీస్టన్‌లో తయారై 1946లో మార్కెట్లోకి వచ్చిన ఈ యంత్రం ఇలాంటి పనికి నేటికీ తగినదేనని నా గట్టి అభిప్రాయం. అయితే అది అంగుళం స్కేలు వరకే.

ఆ హద్దుకు కారణం చక్రాలు. అడుగుకు అంగుళం చొప్పున తగ్గిస్తే, అసలు యంత్రంలో ఆరడుగులున్న వెనుక చక్రం మోడల్‌లో ఆరంగుళాలు అవుతుంది. ఎంఎల్7లో బెడ్ (లేత్ అడుగున ఉండే పొడవాటి దిమ్మ) మీద ఏడు అంగుళాలు, హెడ్‌స్టాక్ (పనిముక్కను తిప్పే భాగం) ముందున్న గ్యాప్‌లో పది అంగుళాల వ్యాసం వరకు తిరుగుతుంది కనుక ఆ చక్రం సులువుగా పడుతుంది. రెండంగుళాల స్కేలులో అదే చక్రం పన్నెండు అంగుళాలై అసలు ఎక్కనే ఎక్కదు. బ్యాక్ గేర్ (వేగం తగ్గించే పళ్ల చక్రాలు) వేసి నిమిషానికి 35 చుట్ల వేగంతో తిప్పితే ఆరంగుళాల చక్రం అంచు నిమిషానికి 55 అడుగులు కదులుతుంది. పోత ఇనుము పైపొరలోని ఇసుకను, గట్టిదనాన్ని హైస్పీడ్ స్టీల్ పనిముట్టు తట్టుకోవాలంటే ఆ నెమ్మది తప్పనిసరి.

ఈ లేత్ విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చింది సిలిండర్ పనిలో. ట్రాక్షన్ ఇంజిన్‌లో సిలిండర్ బాయిలర్ వీపు మీద కూర్చుంటుంది కాబట్టి, దాని అడుగుభాగాన్ని బాయిలర్ గుండ్రానికి సరిపోయేలా లోపలికి వంపుగా కోయాలి; ఆ వంపు అక్షమూ పిస్టన్ తిరుగాడే రంధ్రం అక్షమూ సమాంతరంగా లేకపోతే పిస్టన్ రాడ్ క్రాంకు వైపు తిన్నగా పోదు, గ్లాండ్ (రాడ్ బయటికి వచ్చేచోట ఆవిరిని ఆపే బిగింపు) దగ్గర ఆవిరి కారడం మొదలవుతుంది. ఎంఎల్7 క్రాస్ స్లైడ్ (బెడ్‌కు అడ్డంగా జరిగే బల్ల) నిండా టీ స్లాట్‌లు (బోల్టు తలలు పట్టే T ఆకారపు గాడులు) ఉన్నాయి. సిలిండర్ పోతను దాని మీద పక్కకు పడుకోబెట్టి బోల్టులతో బిగించి, రెండు సెంటర్ల (లేత్ రెండు చివర్లలోని మొనల) మధ్య బోరింగ్ బార్ (కోత పనిముట్టు బిగించిన కడ్డీ) పెట్టి ముందు రంధ్రం కోశాను. తర్వాత బిగింపు కదపకుండా, క్రాస్ స్లైడ్‌ను మాత్రం లెక్క ప్రకారం జరిపి, బార్‌లోని పనిముట్టును బాయిలర్ వ్యాసార్ధానికి బయటికి లాగి వంపు కోశాను. రెండు అక్షాల సమాంతరతను కొలిచి సాధించనక్కరలేదు, బిగింపులోనే అది వచ్చేస్తుంది. జరపవలసిన దూరానికి క్రాస్ స్లైడ్ డయల్ చాలు. ఒక్కో గీత అంగుళంలో వెయ్యో వంతు, డ్రాయింగూ అంగుళాల్లోనే.

బాయిలర్ ఫిట్టింగులకు వాడే మరలు ఎక్కువగా అంగుళానికి 32 లేదా 40 చుట్లవి. లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు పనిముట్టును నడిపే పొడవాటి మర) అంగుళానికి ఎనిమిది చుట్లది. ఆ రెండూ దాని గుణిజాలు. కనుక మర కోసేటప్పుడు హాఫ్ నట్‌ను (లీడ్ స్క్రూను పట్టుకునే సగం నట్‌ను) ఎక్కడ వేసినా పనిముట్టు మళ్ళీ అదే గాడిలో పడుతుంది. చిన్న విషయంలా కనిపించినా, వాల్వులు, యూనియన్లు (గొట్టాలను కలిపే బిగింపులు) వరుసగా చేసుకుంటూ పోతున్నప్పుడు దీని సుఖం తెలుస్తుంది. రాగి బాయిలర్ అతుకుల విషయంలో మాత్రం లేత్ చేసేదేమీ లేదు. అక్కడ మంచి బర్నరూ, వెండి అతుకు కడ్డీలూ, పని పీడనానికి రెట్టింపు పీడనంతో నీటి పరీక్షా ముఖ్యం.

లోపాలు లేకపోలేదు. గరిష్ఠ వేగం నిమిషానికి 640 చుట్లే కనుక సన్నని డ్రిల్లు బిట్లకు అది చాలదు. ఆ పనికి వేరే డ్రిల్లింగ్ మెషీన్ కావాలి. క్రాస్ స్లైడ్‌కు దానంతటది నడిచే ఫీడ్ లేదు, ఫ్లైవీల్ ముఖాన్ని చేత్తోనే సమంగా తిప్పుతూ కోయాలి. చక్ (పనిముక్కను పట్టుకునే దవడల బిగింపు) మర మీద బిగుసుకునేది కాబట్టి, ఊడిపోకుండా ఉండాలంటే వెనక్కి తిప్పి బరువైన కోత పెట్టకూడదు.

బీస్టన్ ఫ్యాక్టరీ 2011లో మూతపడ్డా విడిభాగాలు దొరుకుతున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు పెయింటును చూసి మోసపోకుండా, సాడిల్‌ను (బెడ్ మీద జారుతూ పనిముట్టును మోసే భాగాన్ని) చక్ దగ్గర వదులు లేకుండా సరిచేసి, టెయిల్‌స్టాక్ (హెడ్‌స్టాక్‌కు ఎదురు చివరనున్న భాగం) వైపు జరిపి చూడాలి. అక్కడికి పోయేసరికి బిగుసుకుపోతే చక్ దగ్గర బెడ్ అరిగిందన్నమాట. స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) బేరింగులు వైట్ మెటల్ అనే మెత్తని మిశ్రలోహంవి. వాటి వదులును మూతల కింది షిమ్ పొరలు (పలుచని రేకులు) తీసి సరిచేసుకోవచ్చు. అరిగిన బెడ్‌కు గ్రైండింగ్ ఖర్చు తప్పదు, దాన్ని ధరలోంచి తగ్గించి బేరమాడాలి.