సన్నాయి విన్నాం, లాడ్జివాడు మమ్మల్ని వాయించాడు

ముందే చెబుతున్నా. కార్తీక మాసంలో రాజోలు వైపు వెళ్లేవాళ్లు ఫోన్లో చెప్పిన రేటు నమ్మి లాడ్జిలో దిగకండి. మాకు ఏసీ గది 1,200 అన్నారు. బాబాయి, నేను సంచులతో మెట్లెక్కి కౌంటరు ముందు నిలబడేసరికి అది 1,900 అయింది. "కార్తీకం కదండీ, ఆదివారం కదండీ" అన్నాడు కుర్రాడు. కార్తీకమని వాడికి ఆ పూటే తెలిసినట్టుంది! రిమోటుకు డిపాజిట్ 300 వేరే. పైకెళ్లి చూస్తే అందులో బ్యాటరీలు లేవు, వెనక మూత బదులు రబ్బరు బ్యాండు. మళ్లీ కిందికి దిగితే, బ్యాటరీలు మేమే కొనుక్కోవాలట. 40 రూపాయలు. వేడినీళ్లు బకెట్ 30, అదీ ఉదయం ఏడులోపే.

బాబాయికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కోపమొస్తే అరవడు, భుజం మీద తువ్వాలు తీసి దులుపుతాడు. ఆ సాయంత్రం దాకా దులుపుతూనే ఉన్నాడు.

అసలు వెళ్లింది ఆయన కోసమే. 1976లో ఆయన పెళ్లికి సన్నాయి వాయించిన విద్వాంసుడు 82 ఏళ్ల వయసులో ఇంకా కచేరీ చేస్తున్నారని తెలిసి ఒకటే పోరు. రైల్లో నర్సాపురం, పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి ఆటో 400. ఇబ్బందేమీ లేదు. శంకరగుప్తం ఆ చుట్టుపక్కలే. "బాలమురళి పుట్టిన ఊరురా" అన్నాడు బాబాయి. దారంతా ఆయన మాట్లాడింది అంతే.

కచేరీ ఓ పల్లెటూరి శివాలయంలో, కొబ్బరాకుల పందిరి కింద. ఏడింటికి అన్నారు. 8.40 దాకా శాలువాలే. పద్నాలుగు లెక్కపెట్టాను, విద్వాంసుడికి కప్పింది పదకొండోది. దోమలు సరేసరి.

చివరికి ఆయన సన్నాయి చేతికి తీసుకున్నారు. దానికి దారంతో పీకల గుత్తి వేలాడుతోంది, పీకలంటే సన్నాయి కొసకు బిగించి ఊదే చిన్న ముక్కలు. ఒక్కో పీకను నాలుక మీద తడిపి, బిగించి, కాస్త ఊది, తల అడ్డంగా ఊపి తీసేశారు. నాలుగోది నచ్చింది. ఆ తర్వాత మైకు కుర్రాణ్ణి పిలిచి మైకు తీసేయమన్నారు. కమిటీవాళ్లు కంగారుపడ్డారు గానీ, సన్నాయికి మైకెందుకండీ!

తోడి రాగం, దాదాపు నలభై నిమిషాలు. ఊపిరి మునుపటిలా లేదు, అబద్ధం ఎందుకు. పైస్థాయిలో నిలవాల్సిన చోట రెండుసార్లు కొడుకుకు వదిలేశారు. కొడుకు గట్టిగానే అందుకున్నాడు, ఆ మెత్తదనం మాత్రం రాలేదు. పెద్దాయన గాంధార స్వరాన్ని ఊపుతుంటే డోలు కూడా తగ్గి విన్నట్టు అనిపించింది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఈయన మాత్రం ఊరు కదల్లేదు, అందుకే మనకింకా దొరుకుతున్నారు. పక్కకి చూస్తే బాబాయి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని తాళం వేస్తున్నాడు, అదీ తప్పుగా.

మధ్యమావతి రాగంతో ముగిసేసరికి 11 దాటింది. టికెట్ లేదు, హుండీలో 500 వేశాం. ఆ వేళకి పంటు మీద ఆశ పెట్టుకోకుండా అమలాపురంలో గది చూసుకుని కారు మాట్లాడుకోండి. మేం లాడ్జికొచ్చి, గేటు తీయించడానికి పావుగంట కొట్టాం.

మర్నాడు అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిన్నాం, బాగున్నాయి. అంతకుముందు గది ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లో 50 కోశారు. రిమోటు మూత మేమే పోగొట్టామట! నేను గొంతు పెంచబోతుంటే బాబాయి ఆపాడు. కౌంటరు మీది రిమోటు అందుకుని, రబ్బరు బ్యాండు తీసి, బ్యాటరీలు రెండూ జేబులో వేసుకుని మెట్లు దిగాడు.